జ్ఞానదంతం: తీయించాలా, ఉంచుకోవాలా?

జ్ఞానదంతం గురించి జనం అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. నొప్పి లేకపోయినా తీయించుకోవాలా అన్నది మొదటిది. తీయించుకున్నాక ఎన్నాళ్లకు మామూలు మనుషులమవుతాం అన్నది రెండోది. మొదటి ప్రశ్న మీద ప్రపంచంలోని దంతవైద్యులు యాభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. రెండోదానికి జవాబు చాలావరకు తేలిపోయింది, కానీ అది రోగి ఇంటిదాకా సరిగా చేరడం లేదు. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. జ్ఞానదంతం వల్ల మనుషులు పడే బాధలో ఎక్కువ భాగం ఆపరేషన్ తెచ్చిపెట్టేది కాదు. వేళకు చూపించుకోకపోవడం, తీసిన తర్వాత మొదటి మూడు రోజులు జాగ్రత్త పడకపోవడం తెచ్చిపెట్టేది.

చోటు చాలని పన్ను

దవడ చివర మూడో స్థానంలో వచ్చే పెద్ద పన్ను ఇది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. మిగతా పళ్లన్నీ పన్నెండు పదమూడేళ్లకల్లా వచ్చేస్తే, ఇవి 17 నుంచి 25 ఏళ్ల మధ్య బయటికొస్తాయి. అప్పటికి దవడ ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. చోటు ఉంటే నిటారుగా వచ్చి మిగతా పళ్లలాగే నములుతుంది. లేకపోతే ముందున్న పన్నుకు ఆనుకునో, అడ్డంగా పడుకునో, వెనక్కి వాలో ఎముకలో ఇరుక్కుపోతుంది. అందరికీ నాలుగూ ఉండవు. సుమారు ఐదుగురిలో ఒకరికి కనీసం ఒక జ్ఞానదంతమైనా అసలు తయారే కాదు.

దవడలో చోటెందుకు తగ్గింది? నాగరిక జాతుల్లో ఈ పళ్లు క్రమంగా పనికిరాకుండా పోతున్నట్లు చార్లెస్ డార్విన్ 1871 నాటి ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో రాశాడు. వంశపారంపర్యం ఒక్కటే కారణం కాదని ఆ తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. ఎదిగే వయసులో గట్టి తిండి నమిలితే దవడ ఎముక ఒత్తిడికి స్పందించి పెరుగుతుంది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం హైరాక్స్ అనే చిన్న జంతువుల్లో కొన్నిటికి వండిన మెత్తని తిండి, కొన్నిటికి పచ్చి గట్టి తిండి పెట్టి పెంచింది. మెత్తని తిండి తిన్నవాటి ముఖం ఎముకలు చిన్నవిగా ఎదిగినట్లు 2004లో చూపింది. వండుకోవడం, దంచుకోవడం, రుబ్బుకోవడం నేర్చుకున్న మనిషి దవడకు పని తగ్గింది. పళ్ల పరిమాణం మాత్రం అంత వేగంగా తగ్గలేదు.

ఇరుక్కున్న పళ్లలో ముందుకు వాలినవే ఎక్కువ. ఈ వాలును బట్టి పళ్లను వర్గాలుగా విడదీసే పద్ధతిని అమెరికన్ వైద్యుడు జార్జ్ వింటర్ 1926లో ప్రతిపాదించాడు. ఎముకలో ఎంత లోతున ఉంది, దవడ వెనుక భాగంలో ఎంత చోటుంది అన్నదాన్ని బట్టి చేసే వర్గీకరణను పెల్, గ్రెగరీ 1933లో ఇచ్చారు. ఇవాళ హైదరాబాద్‌లో అయినా అనకాపల్లిలో అయినా, పళ్లన్నిటినీ ఒకే బొమ్మలో చూపే ఓపీజీ ఎక్స్‌రే చూస్తున్న డాక్టర్ ఈ రెండు లెక్కల్నీ మనసులో వేసుకునే, తీయడం ఎంత కష్టమో అంచనా కడతారు.

ఉంచుకుంటే ఏమవుతుంది?

పూర్తిగా ఎముకలో మునిగిపోయిన పన్ను చాలామందికి జన్మంతా ఏ ఇబ్బందీ పెట్టదు. పూర్తిగా బయటికొచ్చి, పైపన్నుతో కలిసి, బ్రష్ అందే చోట ఉన్న పన్నుతోనూ చిక్కులేదు. ఎక్కువగా చిక్కు తెచ్చేది సగం వచ్చి ఆగిపోయిన పన్ను.

సగం వచ్చిన పన్ను మీద చిగురు ఒక మూతలా మిగిలిపోతుంది. దాని కిందకు అన్నం మెతుకు, పప్పు తునక చేరితే బ్రష్‌తో తీయలేం. ఆ మూల చీకటిగా, తడిగా, గాలి ఆడకుండా ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. ఒకరోజు అక్కడ చిగురు ఉబ్బుతుంది. పైపన్ను దాన్నే కొరుకుతుంది, ఇంకా ఉబ్బుతుంది. మింగితే గొంతులో గుచ్చుకుంటుంది, సలుపు చెవిదాకా పోతుంది, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాళ్లు, అమ్మాయిలు దంతవైద్యుడి దగ్గరికి పరుగెత్తే కారణాల్లో ఇది ముఖ్యమైనది. అక్కడ శుభ్రం చేయించుకుని, ఉప్పునీళ్లతో పుక్కిలిస్తే వాపు తగ్గుతుంది. కానీ మూత అలాగే ఉంది కాబట్టి మళ్లీ వచ్చే అవకాశమూ అలాగే ఉంటుంది.

రెండో నష్టం నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. ముందుకు వాలిన జ్ఞానదంతానికీ దాని ముందరి పన్నుకూ మధ్య ఒక సందు ఏర్పడుతుంది. అందులో ఇరికిన ఆహారం ముందరి పన్ను వెనుక గోడను పిప్పి చేస్తుంది. నొప్పి మొదలయ్యేసరికి పిప్పి నరాన్ని చేరి ఉంటుంది. నమలడానికి జీవితమంతా పనికొచ్చే మంచి పన్ను, దేనికీ పనికిరాని పన్ను మూలంగా పోతుంది. ఈ సందులో చిగురు, ఎముక కూడా అరిగిపోవచ్చు.

మూడోది అరుదైనది: పన్ను చుట్టూ ఉండే సంచిలో నీరు చేరి తిత్తిగా పెరగడం, మరీ అరుదుగా కణితి రావడం. తిత్తి దవడ ఎముకను లోపల్నుంచి తొలిచేస్తున్నా చాలాకాలం నొప్పి ఉండదు.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదకరం. కింది జ్ఞానదంతం వేళ్ల చివరలు దవడ లోపలి వైపు కండరానికి కింది భాగంలో ఉంటాయి. అక్కడి చీము నోట్లోకి కాకుండా గదవ కిందికి, మెడలోకి దిగుతుంది. నాలుక కింది భాగమంతా గట్టిగా బిగుసుకుని, నాలుక పైకి లేచి, ఊపిరి మార్గం మూసుకుపోయే ఈ స్థితిని జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రీడ్రిష్ ఫాన్ లుడ్విగ్ 1836లో వర్ణించాడు. యాంటీబయోటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు బతికించగలుగుతున్నాం, సమయానికి ఆసుపత్రికి చేరితేనే.

ఒక ఆరోపణ నుంచి మాత్రం జ్ఞానదంతాన్ని విడుదల చేయాలి. ముందుపళ్లు వంకర తిరగడానికి వెనుక నుంచి ఇవి నెట్టడమే కారణమని చాలామంది నమ్ముతారు. దాన్ని తేల్చడానికి బ్రిటన్‌లో హారడీన్ బృందం కొందరికి తీసి, కొందరికి ఉంచి, సగటున ఐదున్నరేళ్లు గమనించింది. పళ్ల వంకరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 1998లో ప్రకటించింది. కాబట్టి పళ్లు వంకరపోతాయన్న భయంతో మాత్రమే జ్ఞానదంతం తీయించుకోనక్కర్లేదు.

అమెరికా ఒకలా, బ్రిటన్ ఒకలా

నొప్పి, చీము, తిత్తి, బాగుచేయలేని పిప్పి ఉంటే తీయాలన్న దానిపై ఎక్కడా విభేదం లేదు. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణుల్ని పిలిచి జరిపిన సమావేశం కూడా ఇంతవరకు ఏకాభిప్రాయానికి వచ్చింది. ఏ జబ్బూ లేని పన్ను దగ్గరే పేచీ.

అమెరికాలో కళాశాలకు వెళ్లే ముందు నాలుగూ ఒకేసారి తీయించేసుకోవడం ఒక ఆనవాయితీలా సాగింది. అక్కడి సర్జన్ల వాదన ఇది: పద్దెనిమిదేళ్ల వయసులో వేళ్లు ఇంకా పూర్తిగా ఏర్పడవు, ఎముక మెత్తగా ఉంటుంది, గాయం త్వరగా మానుతుంది, నలభై ఏళ్లప్పుడు అదే పన్ను తీయాలంటే కష్టమూ ఎక్కువే, నరం దెబ్బతినే అవకాశమూ ఎక్కువే. దీనికి ఎదురు వాదన కూడా అమెరికా నుంచే వచ్చింది. జే ఫ్రీడ్‌మన్ అనే దంతవైద్యుడు 2007లో, ముందుజాగ్రత్త పేరిట జరిగే ఈ ఆపరేషన్లే ప్రజారోగ్యానికి ముప్పని రాశారు. మరుసటి ఏడాది అమెరికన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్ కూడా అదే వైపు నిలిచింది.

బ్రిటన్ 2000 మార్చిలోనే తేల్చి చెప్పింది. అక్కడ ప్రభుత్వ వైద్యంలో ఏది చేయాలో సిఫారసు చేసే నైస్ అనే సంస్థ, జబ్బు లేని జ్ఞానదంతాన్ని తీయడం ఆపేయమంది. చిగురు వాపు మొదటిసారి తేలిగ్గా వచ్చిపోతే దాన్ని కారణంగా తీసుకోవద్దని, తీవ్రంగా వచ్చినా, రెండోసారి వచ్చినా తీయవచ్చని గీత గీసింది. ఆపరేషన్లు తగ్గాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పెరిగాయి, కానీ ఈసారి వస్తున్నవారి సగటు వయసు పెరిగింది, ముందరి పన్ను పిప్పితో వస్తున్నవారూ పెరిగారు. అంటే కొందరి విషయంలో ఆపరేషన్ తప్పలేదు, వాయిదా పడింది. ఆ వాయిదాకు మూల్యంగా మరో పన్ను పోయింది. ఈ అనుభవం చూశాక, 2020లో బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దంత విభాగం ఇచ్చిన మార్గదర్శకాలు ఒకే గీత గీయకుండా, ఒక్కో రోగికి ముందుముందు జబ్బు వచ్చే అవకాశాన్ని కూడా తూచి చూడమన్నాయి.

మరి రుజువులేమంటున్నాయి? ప్రపంచంలోని వైద్య పరీక్షలన్నిటినీ జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ 2020లో ఈ ప్రశ్నను మళ్లీ పరిశీలిస్తే, లెక్కలోకి తీసుకోదగ్గ అధ్యయనాలు రెండే దొరికాయి. జబ్బు లేని పన్నును తీయడం మేలా, ఉంచడం మేలా అని తేల్చడానికి అవి చాలవంది. ఉంచుకున్నవారిని క్రమం తప్పకుండా చూస్తూ ఉండాలని మాత్రం చెప్పింది.

ఈ ముగింపులో ఉన్న మేలైన మాట అదే. తీయడం, వదిలేయడం అని రెండే దారులు చాలామంది మనసులో ఉంటాయి. మూడో దారి ఉంది: ఉంచి, కనిపెట్టుకుని ఉండటం. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చూపించుకోవడం, అవసరమైతే ఎక్స్‌రే తీయించుకోవడం, ముందరి పన్ను వెనుక గోడ బాగుందో లేదో చూడటం. ఇది చేతగాక ఊరుకోవడం కాదు, వైద్యమే. ఎముకలో లోతుగా మునిగిన పన్నుకు సాధారణంగా ఇది సరిపోతుంది. ముందుకు వాలి, సగం బయటికొచ్చి, పక్క పన్నును ఆనుకున్నదాని విషయంలో మాత్రం నొప్పి వచ్చేదాకా ఆగడం తెలివైన పని కాదు. బ్రిటన్ అనుభవం నేర్పింది అదే.

కుర్చీలో ఆ అరగంట

నొప్పి లేకుండా పన్ను తీయడం అనే వరం చరిత్రలో జ్ఞానదంతంతోనే మొదలైందని చెప్పాలి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు 1844 డిసెంబర్ 11న నవ్వు పుట్టించే వాయువు పీల్చి, తన జ్ఞానదంతాన్నే తోటి వైద్యుడు జాన్ రిగ్స్ చేత తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా లిగ్నోకెయిన్ ఇంజెక్షన్‌తో ఆ చోటుకే మత్తిచ్చి తీస్తారు.

కింది పన్నుకు ఇంజెక్షన్ దవడ చివర లోపలివైపు ఇస్తారు. కొన్ని నిమిషాల్లో కింది పెదవి సగం మొద్దుబారి, లావెక్కినట్లు అనిపిస్తుంది. మత్తు పట్టిందనడానికి అదే గుర్తు. ఆ తర్వాత నొప్పి తెలియదు. ఒత్తిడి, కదలిక, పటుక్కుమన్న చప్పుడు మాత్రం తెలుస్తాయి. ఇది ముందే తెలియక చాలామంది సగంలో భయపడిపోతారు. నిజంగా నొప్పి తెలిస్తే చెయ్యెత్తాలి. ఇంకొంచెం మత్తిస్తారు.

చిగురును కోసి పక్కకు తీస్తారు. పన్ను చుట్టూ ఉన్న ఎముకను, ఉప్పునీటి ధార పోస్తూ, చిన్న డ్రిల్‌తో కొద్దిగా తొలుస్తారు. ముందుకు వాలిన పన్ను మొత్తంగా బయటికి రాదు, ముందరి పన్ను అడ్డం. అందుకే దాన్ని రెండు మూడు ముక్కలుగా కోసి, పైభాగం ఒకసారి, వేళ్లు ఒకసారి తీస్తారు. గుంటను కడిగి, చిగురును యథాస్థానంలో పెట్టి నల్లదారంతోనో, తనంతట కరిగిపోయే దారంతోనో రెండు మూడు కుట్లు వేస్తారు. నల్లదారం కుట్లను వారానికి తీసేస్తారు.

దీనిలో అసలైన ప్రమాదం నరాలది. కింది దవడ ఎముక లోపల ఒక కాలువలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. పన్ను లోపలివైపు గోడను ఆనుకుని నాలుకకు స్పర్శ, రుచి అందించే నరం ఉంటుంది. మొదటిది దెబ్బతింటే పెదవి ఒకవైపు మొద్దుబారుతుంది, మూతి వంకర పోదు. నూటికి కొద్దిమందికి ఇలా జరిగినా, ఎక్కువ మందికి కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. శాశ్వతంగా మిగిలేది సాధారణంగా ఒక శాతంలోపే. ఎక్స్‌రేలో వేళ్ల మీద నల్లటి పట్టీ కనిపించినా, నరం కాలువ తెల్లటి గీత తెగినట్లున్నా, వేరు దగ్గర కాలువ పక్కకు మళ్లినా నరం దగ్గరగా ఉందనే అర్థం. రూడ్, షెహాబ్ 1990లో వివరించిన ఈ గుర్తులు కనిపిస్తే, దవడను మూడు కోణాల్లో చూపే సీబీసీటీ స్కాన్ తీయించడం మంచిది. అప్పటికీ ప్రమాదం ఎక్కువనిపిస్తే పన్ను పైభాగం మాత్రమే తీసి, నరాన్ని చుట్టుకున్న వేళ్లను ఎముకలోనే వదిలేసే పద్ధతి ఉంది. ఇది నిర్లక్ష్యం కాదని, నరాన్ని కాపాడే ఉద్దేశంతో చేసేదని రోగి అర్థం చేసుకోవాలి. ఈ మాటలన్నీ సంతకం పెట్టించుకునే ముందు డాక్టర్ చెప్పాలి. చెప్పకపోతే మనం అడగాలి.

పైపన్ను తీస్తే కంటిచూపు పోతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లకు గట్టి భయం. చూపుకు సంబంధించిన నరం కంటి వెనుక నుంచి నేరుగా మెదడులోకి పోతుంది. పైపళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. పైపన్నుకు పొంచి ఉన్న ప్రమాదం కంటిది కాదు, దవడ మీదున్న సైనస్ గదిది. దానికీ నోటికీ మధ్య పలుచని ఎముకే ఉంటుంది. అది తెరుచుకుంటే కొన్ని రోజులు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

మొదటి మూడు రోజులు

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టడమే మానడానికి తొలిమెట్టు. మోకాలి మీద పుండుకు పక్కు కట్టినట్టే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే ఈ పక్కు నోట్లో, ఉమ్మి తడిలో, నాలుక తగిలేచోట నిలవాలి. మొదటి రోజుల నియమాలన్నీ దాన్ని కాపాడుకోవడానికే.

డాక్టర్ పెట్టిన దూదిని అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కరిచి పట్టుకోవాలి. మాటిమాటికీ తీసి చూసుకోకూడదు. నోట్లోకి వచ్చేది మింగేయాలి, ఉమ్మకూడదు. రక్తం పది చుక్కలే అయినా ఉమ్మితో కలిసి గ్లాసుడులా కనిపిస్తుంది, అది చూసి కంగారు పడి ఉమ్మేకొద్దీ మళ్లీ రక్తం వస్తుంది. ఆ రోజు పుక్కిలించకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. నోరు మొద్దుబారి ఉన్న రెండు నుంచి నాలుగు గంటలు వేడి కాఫీ, టీ తాగకూడదు. తెలియకుండా పెదవి కాలుతుంది, కొరుక్కోవడమూ జరుగుతుంది.

బుగ్గ మీద బయటినుంచి ఐస్ పెట్టడం మొదటి ఒకటి రెండు రోజులే. పది పదిహేను నిమిషాలు పెట్టి కాసేపు ఆపి మళ్లీ పెట్టాలి. వాపు రాగానే ఇసుకతోనో, గుడ్డతోనో కాపడం పెట్టడం మన ఇళ్లలో అలవాటు. మొదటి రెండు రోజులు అది మేలు చేయదు, వాపును పెంచుతుంది. వాపు మూడో రోజుకు ఎక్కువవుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. రెండో రోజు అద్దంలో చూసుకుని ఏదో జరిగిపోయిందని భయపడక్కర్లేదు. బుగ్గ మీద కమిలిన నీలిరంగు రావచ్చు, నోరు ఇరుకుగా తెరుచుకోవచ్చు. వారం పది రోజుల్లో రెండూ సర్దుకుంటాయి. మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, మెల్లగా అటూ ఇటూ కదిపి, వాటంతటవే జారిపోయేలా వంగాలి. మిగతా పళ్లను మామూలుగా తోముకోవచ్చు.

తిండి విషయంలో మన వంటింట్లో కావలసినవన్నీ ఉన్నాయి. చల్లారిన రాగిజావ, గంజి, పెరుగన్నం మెత్తగా పిసికి, పప్పుకట్టు కలిపిన అన్నం, ఇడ్లీ పాలల్లో నానబెట్టి, సేమ్యా పాయసం. కారం, ఆవకాయ, నిమ్మకాయ పచ్చడి, జంతికలు, చేగోడీలు, వేరుశనగలు వారం దాకా వద్దు. నువ్వులు, గసగసాలు, అటుకుల పొట్టు గుంటలో చేరితే తీయడం కష్టం. పుల్లటివీ కారంగా ఉన్నవీ మంటనే పెంచుతాయి, గట్టివి గడ్డను కదిలిస్తాయి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు పొగాకు. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ ఏదైనా రక్తప్రసరణను తగ్గించి, గాయం మానకుండా చేస్తాయి. పొగ పీల్చే విసురు కూడా గడ్డను కదిలిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ అలవాటు అంగిటినే కాల్చేస్తుంది. ఆ నోట్లో మానే గాయానికి ఎంత ఓర్పు ఉండాలో ఆలోచించండి. కనీసం ఈ వారమైనా మానేయమని చెప్పే కుటుంబ సభ్యుడి మాటకు డాక్టర్ మాటంత బలముంది.

నొప్పికి మందు

మందుల కంపెనీలు కొత్త నొప్పి మాత్రల్ని పరీక్షించడానికి ఎక్కువగా వాడుకునేది జ్ఞానదంతం ఆపరేషన్ తర్వాతి నొప్పినే. ఆరోగ్యంగా ఉన్న యువకులకు, ఒకే తీరున వచ్చి, కొన్ని రోజుల్లో తగ్గే నొప్పి ఇది. అందువల్ల ఏ మందు పనిచేస్తుందో ఈ నొప్పి విషయంలో మనకు బాగా తెలుసు. ఐబుప్రొఫెన్ ఒక్క పారాసెటమాల్ కన్నా బాగా పనిచేస్తుంది, రెండూ కలిపితే ఇంకా బాగా. మత్తు దిగకముందే మొదటి మోతాదు పడితే మేలు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లకుండా డాక్టర్‌ను అడగాలి.

అమెరికాలో ఇదే నొప్పికి ఎన్నో ఏళ్లు నల్లమందు జాతి మాత్రలు రాశారు. పన్ను తీయించుకున్న యువకుల్లో ఆ మాత్రల చీటీ పట్టుకెళ్లినవారిలో 1.3 శాతం మంది తర్వాత కూడా వాటిని వాడుతూ ఉండిపోయారనీ, పట్టుకెళ్లనివారిలో అది 0.5 శాతమేననీ 2018లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ఇటీవల రట్గర్స్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 1,800 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ జోడీయే మేలని తేలింది. ఎంతో ఖరీదు చెల్లించి నేర్చుకున్న పాఠం ఇది. మామూలు మాత్రలు చాలు.

యాంటీబయోటిక్ మాటేమిటి? పంతొమ్మిది మంది ఆరోగ్యవంతులకు ఇస్తే ఒక్కరికి ఇన్ఫెక్షన్ తప్పుతుందని కొక్రేన్ లెక్క. అంటే మిగతా పద్దెనిమిది మంది అనవసరంగా వాడినట్లే. అందుకే అందరికీ కాక, ఎముక ఎక్కువ తొలిచినప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు, ముందే చీము ఉన్నప్పుడు వాడటం తగింది. ఇది డాక్టర్ నిర్ణయించాలి, మెడికల్ షాపు కాదు.

మూడో రోజు మళ్లీ నొప్పి వస్తే

చాలామందికి రెండో రోజుకు నొప్పి తగ్గుముఖం పడుతుంది. కొందరికి మాత్రం మూడో రోజో, నాలుగో రోజో పాత నొప్పికన్నా పెద్దది, లోపల్నుంచి తొలిచేలా, చెవిలోకి, కణతలోకి పాకే నొప్పి మొదలవుతుంది. మాత్ర వేసుకున్నా ఆగదు. నోటినుంచి వాసన వస్తుంది. అద్దంలో చూస్తే గుంటలో గడ్డ కనిపించదు, బూడిదరంగు ఎముక తెలుస్తుంది. గడ్డ కరిగిపోయి ఎముక బయటపడిన ఈ స్థితిని డాక్టర్లు డ్రై సాకెట్ అంటారు. 1896లోనే జేమ్స్ క్రాఫర్డ్ దీన్ని వర్ణించాడు. మామూలు పళ్లు తీస్తే నూటికి ఒకరి నుంచి ఐదుగురికి వచ్చే ఈ బాధ, కింది జ్ఞానదంతం తీసినవారిలో కొన్ని అధ్యయనాల ప్రకారం ముప్ఫై శాతం దాకా ఉంటుంది. పొగతాగేవారికి, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి, ముందే అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నవారికి ఎక్కువ. క్లోర్‌హెక్సిడిన్ అనే మందునీళ్లతో పుక్కిలించడం దీన్ని తగ్గిస్తుందని రుజువైంది.

దీనికి చికిత్స తేలిక. డాక్టర్ గుంటను ఉప్పునీళ్లతో కడిగి మందు పెడతారు. ఆ మందులో ఉండే యూజినాల్ మన లవంగ నూనెలోదే. నిమిషాల్లోనే ఎంతో ఉపశమనం కనిపిస్తుంది. అయితే ఇంట్లో లవంగాన్ని నేరుగా తాజా గుంటలో పెట్టడం వేరు. అది గాయాన్ని మండిస్తుంది, లవంగం పొడి అందులోనే ఇరుక్కుంటుంది. యాంటీబయోటిక్ మింగడమూ దీనికి పరిష్కారం కాదు. కావలసింది కడగడం, మందు పెట్టడం.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆగకూడదు: ఎంతసేపు దూది కరిచినా ఆగని రక్తం, నాలుగైదు రోజుల తర్వాత తగ్గకుండా పెరిగే వాపు, జ్వరం, చీము, మింగడం కష్టం కావడం, గొంతు మారడం, ఊపిరి అందకపోవడం. ఆఖరి మూడిటిలో ఏది ఉన్నా రాత్రైనా అపరాత్రైనా పెద్దాసుపత్రికే.

పైన చిగురు మూడు నాలుగు వారాల్లో మూసుకుంటుంది. లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. అంతవరకు ఆ పల్లంలో మెతుకు చేరితే మెల్లగా ఉప్పునీళ్లతో కడుక్కుంటే సరి.

మన దగ్గర అసలు చిక్కు

అమెరికా చర్చ అంతా అవసరం లేని ఆపరేషన్ల గురించి. బ్రిటన్ చర్చ అవసరమైనవి వాయిదా పడటం గురించి. తెలుగునాట చిక్కు వేరే రకం. చిగురు వాచినప్పుడు మనవాళ్లు మొదట వెళ్లేది మెడికల్ షాపుకు. ఒక యాంటీబయోటిక్, ఒక నొప్పి మాత్ర, మూడు రోజుల్లో వాపు తగ్గుతుంది. వాపు తగ్గింది కాబట్టి జబ్బు పోయిందనుకుంటారు. రెండు నెలలకు మళ్లీ అదే. ఇలా అరడజనుసార్లు వాచి తగ్గాక, నోరు తెరుచుకోక, గదవ కింద గడ్డతో ఆసుపత్రికి వస్తారు. అప్పటికి ముందరి పన్ను కూడా పిప్పి. యాంటీబయోటిక్ వాపును ఆపగలదు, మూత కింద ఇరికిన పన్నును నిటారుగా నిలబెట్టలేదు.

గుట్కా, వక్క అలవాటున్నవారికి ఇంకో కష్టముంది. నోటి లోపలి చర్మం గట్టిపడి నోరు పూర్తిగా తెరుచుకోదు. అలాంటివారికి వెనుక పన్ను తీయడం డాక్టర్‌కు కత్తిమీద సామే. షుగర్ ఉన్నవారు, అది అదుపులో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితాన్ని ముందే చూపించాలి. గుండెకోసం రక్తాన్ని పల్చబరిచే మాత్రలు వాడేవారు వాటిని తామే మానేయకూడదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి చాలావరకు మానకుండానే పన్ను తీయవచ్చు. మానితే గుండెకు ముప్పు, పంటి రక్తం ఆపడం డాక్టర్ చేతిలో పని. ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకునేవారు ఆ మాట ముందే చెప్పాలి.

అయితే ఏం చేయాలి? పద్దెనిమిది నుంచి ఇరవై ఏళ్ల మధ్య ప్రతి యువకుడూ, యువతీ ఒకసారి ఓపీజీ ఎక్స్‌రే తీయించుకుని దంతవైద్యుడికి చూపించుకోవాలి. పన్ను ఎలా ఉందో తెలిస్తే దారి తేలుతుంది. బాగా వస్తే బ్రష్ అందుతోందో చూసుకోవాలి. లోతుగా మునిగి ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. ముందుకు వాలి, సగం వచ్చి, పక్క పన్నును ఆనుకుని ఉంటే, చిగురు ఒకసారి గట్టిగానో, రెండుసార్లో వాస్తే ఇరవైల్లోనే తీయించుకోవాలి. కష్టమైన పన్నైతే నోటి శస్త్రచికిత్సలో ఎండీఎస్ చేసిన సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఖర్చు భయపెడితే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలల ఆసుపత్రులున్నాయి. పరీక్షల ముందో, పెళ్లి ముందో, పంట చేతికొచ్చే వేళో కాకుండా, వారం తీరిక ఉన్నప్పుడు పెట్టుకోవాలి.

జబ్బు లేని ప్రతి పన్నునూ తీయాల్సిన అవసరం లేదని రుజువులు చెబుతున్నాయి. నొప్పి వచ్చేదాకా ఎవరూ చూడనక్కర్లేదని మాత్రం ఏ రుజువూ చెప్పడం లేదు. ఎక్స్‌రే ఒక్కటి వేళకు తీయించుకుంటే, మూడు రోజులు నియమంగా ఉంటే, జ్ఞానదంతం ఆపరేషన్ ఎక్కువమందికి వారంలో మరచిపోయే చిన్న సంగతి. మెడికల్ షాపు మాత్రలతో ఏళ్లతరబడి నెట్టుకొస్తే అదే పన్ను మంచి పన్నును తినేసి, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది. మన పిల్లలు ఈ రెండిటిలో ఏ దారిన నడవాలో ఇంట్లో పెద్దవాళ్లు ముందే మాట్లాడుకోవాలి.